మొద్దు దొర్లకుండా బిగించడం: సామిల్లు పనిలో మూడో నెల

పోయిన ఆదివారం ఉలవపాడు నుంచి తెచ్చిన మామిడి మొద్దు మిషను మీద నుంచి పడబోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక బ్లేడు పోయిందంతే. అందుకే ఈసారి పలకల సంగతి పక్కనపెట్టి, మొద్దును బిగించడం గురించే రాస్తున్నాను.

నాది పెట్రోల్ ఇంజినుతో నడిచే చిన్న బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద బెల్టులాగా తిరిగే రంపం. మొద్దు కదలదు, పట్టాల మీద రంపమే ముందుకు పోతుంది. కందుకూరులో మా మామయ్య సామిల్లు ఆవరణలో ఒక మూల పెట్టుకున్నాను. సామిల్లుకు అటవీశాఖ లైసెన్సు ఉండాలి, ఇంటి దొడ్లో పెట్టుకుని నడిపే వస్తువు కాదు. మామయ్య దగ్గర పెట్టుకుంటే సలహాలు, తిట్లు రెండూ ఉచితం.

మొద్దు పొడవు 8 అడుగులు. మొదలు వైపు 22 అంగుళాలు, కొస వైపు 18. పచ్చి కర్ర కదా, 400 కిలోల పైమాటే. మొద్దు నడిబొడ్డు రెండు చివర్లా ఒకే ఎత్తులో ఉండాలని కొస కింద 2 అంగుళాల చెక్క పెట్టి లేపాను. తప్పు అక్కడే మొదలైంది. చెక్క నున్నగా ఉంది, దాని మీద మొద్దు గుండ్రంగా కూర్చుంది, పక్కల అడ్డు ఏమీ లేదు. పైగా వానకు నాని బెరడు వదులైంది. మొద్దును పక్క నుంచి పట్టి బిగించే క్లాంపు పళ్లు ఆ బెరడునే పట్టుకున్నాయి తప్ప కర్ర దాకా పోలేదు. రంపం మూడో వంతు నడిచేసరికి బెరడు అరచేయంత పెచ్చుగా ఊడింది. మొద్దు నా వైపు ఒక బెత్తెడు తిరిగింది. కోత మూసుకుని బ్లేడు ఇరుక్కుపోయింది, ఇంజిను మూలిగింది, బ్లేడు చక్రం మీద నుంచి జారింది. నా చెయ్యి తెలియకుండానే మొద్దు వైపు పోయింది.

"అల్లుడా, ఇంజిను ఆపు! చెయ్యి పెట్టబాక!" అని మామయ్య అక్కడి నుంచే అరిచాడు.

ఇంజిను ఆపి, ప్లగ్గు వైరు పీకి, కోతలోకి చీల కొట్టి బ్లేడును బయటికి తీసేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ మామయ్య నోరు ఆగలేదు.

ఇప్పుడు ఇట్టా చేస్తున్నాను. క్లాంపు, ఎదురుగా ఉండే నిలువు కడ్డీలు ఎక్కడ ఆనతాయో అక్కడ గొడ్డలితో బెరడు చెక్కేస్తాను, లోపలి కర్ర కనపడేదాకా. క్లాంపులు ఒకటి కాదు, రెండు. ఎత్తు కోసం పెట్టిన చెక్క మీద మొద్దుకు అటూ ఇటూ ఏటవాలు అడ్డుచెక్కలు, లారీ చక్రానికి పెట్టినట్టు. వాటిని నల్ల తుమ్మతో చేసుకున్నాను. మామిడి ముక్కలతో చేసి చూశాను, రెండు దెబ్బలకే నలిగిపోయాయి. అన్నీ బిగించాక గడ్డపారతో మొద్దును ఒకసారి గట్టిగా ఎత్తి చూస్తాను. మొద్దుతోపాటు మిషను మొత్తం ఊగితే సరే. మొద్దు ఒక్కటే కదిలిందంటే మళ్లీ మొదటి నుంచి.

మొదటి పైచెక్క తీయగానే మొద్దును తిరగేసి, ఆ చదును ముఖాన్ని కిందికి పెడతాను. ఇక దొర్లే భయం చాలావరకు పోతుంది. అక్కడి నుంచి ఇంకో టెన్షన్. పలకలు తీసేకొద్దీ రంపం కిందికి దిగుతుంది, క్లాంపు, కడ్డీలు మాత్రం నేను దించితే తప్ప దిగవు. పోయిన నెల వేప మొద్దులో చివరి మూడు పలకలప్పుడు బ్లేడు కడ్డీకి తగిలింది. వేపలో ఎవరో కొట్టిన పాత మేకు అనుకున్నాను, తీరా చూస్తే నా కడ్డీయే. ఇప్పుడు ప్రతి కోతకు ముందు ఇంజిను ఆపి, రంపాన్ని కోతకు దించకముందే మొద్దు పైన ఈ కొస నుంచి ఆ కొసకు ఒట్టిగా నడిపి, పడబోయే కోతకు ఏదైనా అడ్డొస్తుందేమో చూస్తాను. క్లాంపు తల కోత గీతకు కనీసం ఒక అంగుళం కింద ఉండాలి.

జామాయిల్‌ది వేరే కథ. ఎంత బిగించినా కర్ర తనంతట తనే కదులుతుంది. పెరిగే చెట్టులో బయటి పొరలు లాగిపట్టి ఉంటాయి, లోపలి భాగం నొక్కుకుని ఉంటుంది. ఒక పక్కే కోసుకుంటూ పోతే ఆ లాగుడు రెండో పక్కనే మిగిలి, మొద్దు నడుము పైకి లేస్తుంది. నేను జామాయిల్‌లో కోసిన పలక నడుమ లావు, కొసలు పలుచన వచ్చింది అందుకే. నడుము మీద గట్టిగా బిగించి కోసినా లాభం లేదు, వదలగానే మళ్లీ వంగుతుంది. ఒక పలక ఇటు, తిప్పి ఒక పలక అటు తీస్తే కొంత నయం. ఓపిక కావాలి.

పొట్టి మొద్దులు మానేశాను. నా మిషనులో మొద్దు కూర్చునే అడ్డ బార్లు 2 అడుగుల ఎడంగా ఉన్నాయి. మూడు బార్ల మీద ఆనని మొద్దు ఎక్కించను, అది పొయ్యిలోకే.

ఆ మామిడి చివరికి ఒకటిన్నర అంగుళం మందంతో 8 పలకలు ఇచ్చింది. మామిడి త్వరగా నల్లబడుతుంది కాబట్టి ఆ సాయంత్రమే పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్చాను.

తరువాత చింత మొద్దు. విల్లులాగా వంకర. వంపు పైకి పెట్టి రెండు కొసలు కిందికి ఆనిస్తే కుదురుగా కూర్చుంటుందని నా లెక్క. "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోబాక" అన్నాడు మామయ్య. ప్రస్తుతానికి దాని మీద కూర్చునే టీ తాగుతున్నాను.