దబ్బపండు ఊరికే, ఖర్జూరపు మొవ్వకే డబ్బులు

2022 అక్టోబర్‌లో యెరూషలేము వెళ్లే గ్రూపులో నాకు సీటు దొరికింది. అది సరిగ్గా యూదుల పర్ణశాలల పండుగ వారమని మా పాస్టరుగారు తప్ప ఎవరూ గమనించలేదు. ఆయన సంబరపడ్డారు. టూర్ ఏజెంటు మాత్రం హోటల్ రేట్లు చూసి గొణుక్కున్నాడు.

మేం ఊళ్లో తిరగడం మొదలుపెట్టిన రోజు సాయంత్రమే పండుగ మొదలు. బాల్కనీల్లో, హోటల్ పెరట్లో, కార్లు ఆపే చోట కూడా పందిళ్లు లేచాయి. గోడలు చెక్కవైనా గుడ్డవైనా ఫరవాలేదట. పైకప్పు మాత్రం నేలలో మొలిచి, కోసి తెచ్చిందే అయ్యుండాలి. రేకులు, టార్పాలిన్లు పనికిరావు. ఎండ కంటే నీడ ఎక్కువగా ఉండాలి, రాత్రి చుక్కలూ కనబడాలి. వారమంతా భోజనాలు అందులోనే.

బజారులో ఒక పెద్దాయన కంటికి భూతద్దం పెట్టుకుని దబ్బపండును తిప్పి తిప్పి చూస్తున్నాడు. చివర బుడిపె దగ్గర చిన్న మచ్చ ఉన్నా పక్కన పెట్టేస్తున్నాడు. మనవాళ్లు పెళ్లిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూడరు. పండుగలో చేత పట్టేవి నాలుగు: దబ్బపండు, విచ్చుకోని ఖర్జూరపు మొవ్వ, గొంజి కొమ్మలు, నీటి ఒడ్డున పెరిగే నిరవంజి కొమ్మలు. బైబిల్లో లేవీయకాండం 23లో ఎన్నిసార్లు చదివానో, కళ్లారా చూడటం అదే మొదలు.

ఆ పండు ధరలో ఒక మెలిక ఉందని మా గైడ్ చెప్పాడు. యూదుల పంచాంగంలో అంతకుముందే ముగిసిన సంవత్సరం, ఏడేళ్లకోసారి వచ్చే ఏడో సంవత్సరం, వాళ్ల మాటలో షెమిటా. ఆ ఏడాది భూమికి విశ్రాంతి. దున్నరు, విత్తరు. దానంతటది పండింది ఎవరైనా కోసుకోవచ్చు, దాన్ని సరుకులా అమ్మకూడదు. ఆ ఏడాది పిందెపడిన దబ్బపండ్లకూ అదే నియమం. అందుకని డబ్బు మొవ్వకు తీసుకుని, పండు ఊరికే ఇచ్చినట్టు లెక్క వేసే పద్ధతి ఉంది. యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే రాసుందట. మత న్యాయస్థానం తరఫున కోత కూలి, రవాణా ఖర్చు వరకే వసూలు చేసే పద్ధతి ఇంకొకటి. ఇవన్నీ కాదని, ఆ ఏడాదికి పొలాన్ని యూదులు కానివాళ్లకు కాగితం మీద అమ్మేసి మామూలుగా సాగు చేసేవాళ్లూ ఉన్నారు. సందులు వెతకడంలో మనుషులు ఎక్కడైనా ఒకటే!

నన్ను పట్టుకున్న విషయం వేరే. ద్వితీయోపదేశకాండం 15 ప్రకారం ఆ ఏడో ఏటే అప్పులు కూడా మాఫీ. నేలకు విశ్రాంతి, అప్పుతీసుకున్నవాడికి విడుదల ఒకే ముడి. పర్యావరణం గురించి మన దగ్గర చర్చికైనా గుడికైనా వెళ్లి మాట్లాడితే ఓ మొక్క నాటి ఫొటో దిగడంతో సరి. మిర్చి వేసిన కౌలు రైతు అప్పు సంగతి ఆ ఫొటోలో ఉండదు. అమెరికాలో 2020లో రబ్బీ జెన్నీ రోసెన్ మొదలుపెట్టిన దయేను అనే యూదు సంస్థ బొగ్గు, చమురు కంపెనీలకు వెళ్లే పెట్టుబడులనే ప్రశ్నిస్తోంది. డబ్బు ఎటు పోతోందని అడగకుండా భూమి గురించి మాట్లాడలేమనేది ఏడో సంవత్సరంలోనే ఉందని నాకు అక్కడే తట్టింది.

తర్వాత యొర్దాను నది. తెల్ల అంగీలు వేసుకుని దిగాం. నీళ్లు మట్టిరంగు. అవతలి ఒడ్డు జోర్డాన్ దేశం, వాళ్ల మాటలు వినబడేంత దగ్గర. పూర్వం పారిన నీటిలో ఇప్పుడు పదో వంతు కూడా ఇక్కడి దాకా రాదు. గలిలయ సముద్రం అనే మంచినీటి సరస్సు నుంచి 1964లో మొదలైన పెద్ద కాలువ కొంత, సిరియా, జోర్డాన్ కట్టిన ఆనకట్టలు కొంత మళ్లించేశాయి. అందుకే కింద మృత సముద్రం ఏటా మీటరుకు పైగా దిగిపోతోంది. పొటాష్ కోసం నీటిని ఆవిరి చేసే ఫ్యాక్టరీలూ అందుకు తోడు. ఆ సముద్రం ఒడ్డున ఏన్గెదీలో నేల గుంతలు గుంతలుగా కూలింది. బేత్లెహేములో ఏ మేడ మీద చూసినా వరసగా నీళ్ల ట్యాంకులే. అక్కడి పాలస్తీనా గైడ్‌ను అడిగితే, "వేసవిలో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినప్పుడే పట్టుకోవాలి" అన్నాడు. కొండ ఎదురుగా ఉన్న ఇజ్రాయెలీ కాలనీల పైకప్పుల మీద అన్ని ట్యాంకులు లేవు. అది చూపించి ఆయన ఇంకేమీ అనలేదు. మా బస్సులో కాసేపు ఎవరూ పాటలు పాడలేదు.

పండుగ ఏడో రోజు పొద్దున్నే, యూదుల పాత ఆలయ ప్రాంగణంలో మిగిలిన పడమటి గోడ దగ్గరకు వెళ్లాం. జనం నిరవంజి కొమ్మల్ని నేలకేసి కొడుతున్నారు. ఆకులు రాలి రాళ్లమీద పచ్చగా పరుచుకున్నాయి. ఆ రోజు చేసే ప్రార్థనల్ని గైడ్ కొన్ని విడమరచి చెప్పాడు: నేలను శాపం నుంచి, పశువును చూడి పోకుండా, కళ్లాన్ని పురుగు నుంచి, ధాన్యాన్ని మంట నుంచి కాపాడు. మా అత్తయ్యగారు "ఇది రైతు ప్రార్థనే కదయ్యా" అన్నారు. ఆవిడ పొలం పనులు చేసిన మనిషి.

మర్నాడు వాన కోసం ప్రార్థన. కానీ "వాన కురిపించు" అని రోజూ అడగడం మాత్రం అప్పుడే మొదలుపెట్టరు. పండుగ అయ్యాక అక్కడ పదిహేను రోజులు ఆగుతారు. ఎందుకంటే పూర్వం యాత్రికులు ఆలయానికి నడిచి వచ్చేవాళ్లు. అందరికంటే దూరం నుంచి వచ్చినవాడు యూఫ్రటీసు నది చేరేదాకా దారిలో తడవకూడదని. ఎండిన పొలం ఉన్నవాడు కూడా ఆ ఒక్కడి కోసం ఆగాలి. ఆలయం పోయి రెండు వేల ఏళ్లు కావస్తున్నా ఆ తేదీని ముందుకు జరపలేదు. ఆ ఏడు అది అక్టోబర్ 31 రాత్రి పడింది. అప్పటికి మా గ్రూపంతా గుంటూరు చేరి, ఫొటోలు పంచుకోవడం కూడా అయిపోయింది.