పిలుపు లేకుండానే పాడిన పాట

పాప్ సంగీతం యువతను సమాజానికి దూరం చేస్తుందన్న మాట విన్నప్పుడల్లా నేను దక్షిణ కొరియాను తలచుకుంటాను. 2007లో గర్ల్స్ జనరేషన్ అనే అమ్మాయిల బృందం తొలి పాటగా వచ్చిన 'ఇంటు ద న్యూ వరల్డ్'లో రాజకీయం లేశమైనా లేదు. ఒక వినోద సంస్థ ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చిన గాయనుల చేత పాడించిన వ్యాపార గీతం అది.

2016 జూలైలో సియోల్‌లోని ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో, ఉద్యోగస్తుల కోసం కొత్త కళాశాల తెరవాలన్న యాజమాన్యం నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ ప్రధాన భవనంలో బైఠాయించిన విద్యార్థినులు, పోలీసులు ఎదురైనప్పుడు పాడింది ఈ పాటనే. 1980ల నాటి ప్రజాస్వామ్య పోరాట గీతాలు కొరియా సభల్లో నేటికీ వినిపిస్తాయి. కానీ అవి పెద్దల తరానివి. ఈ అమ్మాయిలకు చిన్ననాడే కంఠస్థమైన పాట ఇదే కాబట్టి, భయపడిన వేళ ఇదే నోటికి వచ్చి ఉంటుందని నా ఊహ. కొద్ది రోజులకే యాజమాన్యం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం విధించిన తరువాత, జాతీయ అసెంబ్లీ ఎదుట గుమిగూడిన యువతులు అదే పాట అందుకున్నారు. ఈసారి వారి చేతుల్లో కచేరీల్లో ఊపే లైట్ స్టిక్కులు ఉన్నాయి. అప్పటి అధ్యక్షురాలు పార్క్ గ్యున్ హే దిగిపోవాలంటూ 2016లో జరిగిన కొవ్వొత్తుల నిరసనలను, కొవ్వొత్తి గాలికి ఆరిపోతుందని అధికారపక్ష సభ్యుడొకరు ఎగతాళి చేశారు. బ్యాటరీతో వెలిగే వీటికి ఆ బెంగ లేదు. పైగా, పాటలో ఏ చోట ఎవరి పేరు ఏ లయలో అరవాలో ముందుగానే సాధన చేసి కచేరీలకు వెళ్లే అభిమానులకు, వేలమందితో గొంతు కలిపి నినాదం పలకడం కొత్త విద్యేమీ కాదు. సంస్థలు లాభానికి అమ్మిన వస్తువూ, లాభానికి పెంచిన అలవాటూ వాటి అదుపు దాటి వీధిలోకి వచ్చాయి.

మన దగ్గర కూడా అభిమానం రాజకీయమైంది. 1982లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం స్థాపించినప్పుడు ఆయన అభిమానులెందరో కార్యకర్తలయ్యారు. అయితే అక్కడ పిలుపు తారది, పార్టీ కూడా తారదే. సియోల్ అమ్మాయిలు ఏ తార పిలుపు కోసమూ ఆగలేదు. యూన్‌పై అభిశంసన తీర్మానం 204 ఓట్లతో నెగ్గిన డిసెంబరు 14న, నిరసనకు వచ్చే తన అభిమానుల ఆహార పానీయాల కోసం గాయని ఐయూ దుకాణాలకు ముందుగానే డబ్బు చెల్లించింది. అప్పటికి వాళ్లు రోజుల తరబడి చలిలో నిలబడే ఉన్నారు.