రెండు మార్కులు పోయిన చోట మూడు వారాలు

ఎట్టకేలకు విజువల్ ఆర్ట్‌లో నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష) గట్టెక్కాను, జేఆర్‌ఎఫ్‌తో (పరిశోధన ఫెలోషిప్‌తో) సహా. ఫలితం చూసినప్పటి నుంచి అమ్మకు కన్నీళ్లు ఆగడం లేదు.

గతసారి నన్ను ముంచింది జతపరచే ప్రశ్నలు. కళాకారులకు మాధ్యమాలను జతచేయాల్సిన చోట ఎన్‌గ్రేవింగ్‌కూ (రాగిరేకుపై చెక్కి తీసే ముద్ర) వుడ్‌కట్‌కూ (చెక్కపై తొలిచి తీసే ముద్ర) మధ్య తడబడ్డాను. ఇంటికొచ్చి నోట్సు తీస్తే ‘లియొనార్డో ముడులు, డ్యూరర్ ముడులు’ అని ఒకే వరుసలో ఉంది. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చీ పేరిట ఉన్న ఆరు ముడుల అల్లికలు, వాటిని చూసి జర్మన్ కళాకారుడు డ్యూరర్ మళ్లీ చేసినవి అన్నమాట. పేర్లు బట్టీపట్టానే తప్ప బొమ్మను చూడలేదు.

పుస్తకం మూసి ఆ ఆరు ముడులనూ గీయడం మొదలుపెట్టాను. మెలికల ముగ్గు అలవాటున్న చేయి కాబట్టి గీత తిప్పడం తెలుసు. ఇక్కడ మాత్రం దారం ఒక కూడలిలో పైనుంచి పోతే తర్వాతి కూడలిలో కింద నుంచి దూరాలి. మామ్లూకు సుల్తానులు ఏలిన ఈజిప్టు, సిరియాల నుంచి వెనిస్‌కు చేరిన ఇత్తడి పాత్రలపై వెండి పొదిగిన అల్లికలను చూస్తే ఈ పద్ధతి ఎక్కడిదో తెలుస్తుంది. లియొనార్డో గీతల ఆధారంగా వీటిని రాగిరేకుపై చెక్కారు. మధ్యలో ఆయన పేరిట ‘అకాడెమియా’ అన్న అక్షరాలుంటాయి. 1505-07లో ఇటలీలో ఉన్న డ్యూరర్ వీటినే చెక్కమీదికి తెచ్చాడు, ఆ అక్షరాలు లేకుండా.

అసలు తేడా గీస్తేనే తెలిసింది. రాగిలో సిరా పట్టేది చెక్కిన గాడి. కాబట్టి దారం తెల్లగా నిలవాలంటే చుట్టూ ఉన్న నేలను సన్నని గీతలతో నింపాలి. చెక్కలో సిరా అంటేది మిగిలిన ఎత్తు. అక్కడ దారాన్నే తొలిచేయాలి, నేల దానంతటదే నల్లగా వస్తుంది. ఇది చేతికి అందాక ప్రింట్‌మేకింగ్ ప్రశ్న ఒక్కటీ నన్ను తికమకపెట్టలేదు.

ఒక్క అంశానికి మూడు వారాలా అని మిత్రులు మందలించారు. వృథా కాలేదని ఇప్పటికీ అంటాను. పారిస్‌లో 1530లో వచ్చిన ఇటలీ కళాకారుడు పెల్లెగ్రీనో నమూనాల పుస్తకం, జర్మన్ కళాకారుడు ఫ్లోట్నర్ మోరెస్క్ (అరబ్బు తరహా తీగల) అలంకారాలు ఆ తర్వాత ఒక్క పూటలో అర్థమయ్యాయి. రోజుకు పది గంటలు కూర్చున్నామని చెప్పుకోవడం క్రమశిక్షణ కాదు. అర్థం కాని బొమ్మ ముందు నుంచి లేవకపోవడమే క్రమశిక్షణ. నెగెటివ్ మార్కులు లేవు కదా అని ఊహలమీద ఆధారపడకండి.

మొదటి పేపర్‌కు పాత ప్రశ్నపత్రాలు చాలు. సౌందర్యశాస్త్రం చివరి నెలలో చదివాను. నేను గీసిన ఆరు ముడుల కాగితాలు దాచే ఉంచాను, కావాలన్న వారికి ఫొటోలు పంపుతాను.