పక్కింటి అక్క, పింఛను గొడవ

మారిషస్‌లో క్వాత్ర్ బోర్న్‌కి వచ్చి మూడేళ్లయింది. మాది కాకినాడ. పక్కింటి అక్క ముత్తాత కోరంగి రేవులో ఓడెక్కాడట, చెరకు తోటల్లో కూలికి. కోరంగి మా ఇంటికి గంట దూరం కూడా లేదు! అక్కకు తెలుగులో భజనలొచ్చు, తిట్లు మాత్రం ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లోనే.

ఈమధ్య ఆ తిట్లన్నీ పింఛను మీదే. 60 ఏళ్లకే అందరికీ వచ్చేదాన్ని మెల్లగా 65కి జరుపుతామని 2025 జూన్ బడ్జెట్‌లో ప్రకటించారు. అక్కకు 58. 2024 నవంబరు ఎన్నికల్లో, ఆ బడ్జెట్ పెట్టిన ప్రధాని రామ్‌గులాం కూటమి 62 సీట్లలో 60 గెలిచిన రాత్రి వీధిలో టపాసులు కాల్చింది కూడా ఈవిడే.

"దేశానికి అప్పులైతే నేనేం చెయ్యను?" అంటుంది. పుట్టే పిల్లలు తగ్గారు, ముసలివాళ్లు పెరిగారు. అక్క కొడుకేమో కెనడాలో. మా గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల దగ్గర ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్లే, నేను లెక్కల సెక్షన్.

"మీరంతా మా ఉద్యోగాల కోసం వచ్చేశారు" అందోసారి, నాకు అన్నం పెడుతూనే.

"మీ ముత్తాత కూడా అంతే కదక్కా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకో గరిటెడు చేపల పులుసు వేసింది.