రాజు జీ6కి వస్తే?

"బిషప్‌తో హెచ్7 గడిలోని నల్ల బంటుని కొట్టొచ్చా? పావులు కదపకుండా చెప్పు" అన్నారు కోచ్ ఈ సాయంత్రం, చదరంగం బోర్డు నా వైపు తిప్పి.

తెల్ల బంటు ఈ5లో ఉంది కాబట్టి నల్ల గుర్రం ఎఫ్6కి రాలేదు. నల్ల రాజు బిషప్‌ని కొడితే మన గుర్రం జీ5లో చెక్. జీ8కి వెనక్కెళ్తే క్వీన్ హెచ్5, ఇక హెచ్7 మీద మేట్, అంటే రాజు తప్పించుకోలేని చెక్, బెదిరింపు. హెచ్6కి వస్తే సీ1లో ఉన్న బిషప్‌కి ఎదురుగా నిలబడతాడు, గుర్రం లేస్తే మళ్ళీ చెక్.

అసలు కష్టం రాజు జీ6కి వచ్చినప్పుడే. అక్కడ మేట్ కళ్ళకి కనపడదు, క్వీన్ జీ4కి వెళ్తే వాళ్ళు బంటుని ఎఫ్5కి తోస్తారు, అప్పుడు క్వీన్ ఎక్కడికి, మనం బంటుని హెచ్4కి తోస్తే ఏంటి, ఇవన్నీ తలలోనే చివరిదాకా ఆడి "కొట్టొచ్చు సార్" అనేసరికి ఒళ్ళు పులకరించింది.

ఓపెనింగ్ లైన్లు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, బట్టీ పట్టినప్పుడు ఈ ఆనందం ఎప్పుడూ రాలేదు నాకు. 2019లో, మళ్ళీ 2024లో తక్కువ సమయంలో ఆడే మహిళల వరల్డ్ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచిన మన కోనేరు హంపి గారు ఇలాంటివి గడియారం తరుముతుంటే లెక్కేస్తారంటే ఎంత గౌరవం కలుగుతుందో!

రేపు అదే పొజిషన్, కాకపోతే నల్ల బిషప్ ఎఫ్5కి వచ్చి హెచ్7ని కాయగలదట. ఇప్పుడే బోర్డు పెట్టేశాను.