వెనక నుంచి ఊళ వస్తే ముందు క్రౌన్ ఆయిల్ చూడండి

వెనక సౌండొస్తోందని బండిని షెడ్డుకి తీసుకెళ్తే, ఒక్క బోల్ట్ కూడా విప్పకుండానే "క్రౌన్ పోయింది, సెట్టు మొత్తం మార్చాలి" అన్నారనుకోండి, వెంటనే ఒప్పుకోవద్దు. ముందు ఆయిల్ దించి చూపించమనండి. క్రౌన్ అంటే వెనక ఇరుసు మధ్యలో చక్రాలని తిప్పే పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం పినియన్, ఈ రెండూ ఆయిల్‌లో తిరిగే ఇనుప డొప్పే హౌసింగ్. ఆ హౌసింగ్ లోపల ఏం జరిగిందో సగం సంగతి ఆ ఆయిల్‌లోనే తెలిసిపోతుంది. బొలేరో, టాటా ఏస్, ఈకో లాంటి వెనక చక్రాలు లాగే బళ్ళు నడిపే వాళ్ళందరికీ ఇది పనికొస్తుంది.

మా బావకి పికప్ ఉంది. ఉద్దానంలో కవిటి, కంచిలి వైపు తోటల నుంచి కొబ్బరికాయల లోడు వేస్తుంటాడు. వానలు గట్టిగా పట్టినప్పుడు ఆ తోటల దారుల్లో నీళ్ళు హబ్బుల పైదాకా వస్తాయి, అయినా లోడు ఆగదు కదా, అందులోంచే నడిపాడు. వానలు తగ్గాక హైవే మీద అరవై దాటితే చాలు, వెనక నుంచి ఒకటే ఊళ.

"టైర్లేమో బావా?" అన్నాను.

"టైర్లు కావురా, కాలు తీస్తే తగ్గిపోతంది. నువ్వొకసారి ఎక్కి ఇను."

బావ పట్టుకున్న పాయింట్ చాలా ముఖ్యమైనది. టైరు సౌండ్ రోడ్డుని బట్టి మారుతుంది, తారు నుంచి సిమెంట్ రోడ్డు మీదకి వెళ్తే వేరేగా వినిపిస్తుంది, యాక్సిలేటర్‌తో దానికి పనిలేదు. క్రౌన్, పినియన్ సౌండ్ లోడుని బట్టి మారుతుంది, అంటే లాగుతున్నప్పుడు ఒకలా, కాలు తీసినప్పుడు ఇంకోలా. చక్రం దగ్గర యాక్సిల్ బేరింగ్ పోతే లావుగా గుర్రుమంటుంది, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ ఊపితే బరువు ఒకవైపుకి పడి ఆ సౌండ్ పెరగడమో తగ్గడమో జరుగుతుంది. పినియన్ బేరింగ్ సౌండ్ సన్నగా ఉంటుంది, ఎందుకంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పినియన్ దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. బండి కదిలేటప్పుడు ఒక్కసారి "టక్" మంటే మొదట చూడాల్సింది గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే పొడుగు షాఫ్ట్ క్రాస్ జాయింట్, క్రౌన్ మీద అనుమానం తర్వాత. నరసన్నపేట దాటి మడపాం టోల్‌గేట్ వైపు ఖాళీ బండితో వెళ్ళి విన్నాను. సన్నటి ఊళ, స్టీరింగ్ ఊపినా మార్పు లేదు. చక్రం బేరింగ్ కాదనిపించింది.

బండి రాత్రంతా కదలకుండా ఉంది కాబట్టి పొద్దున్నే స్టార్ట్ చేయకుండా ఆయిల్ దించమన్నాను. మామూలుగా అయితే కాస్త నడిపి వేడి మీద దించడమే మంచిది, లోపలి మడ్డి అంతా ఆయిల్‌తో పాటు వచ్చేస్తుంది. కానీ నీళ్ళ అనుమానం ఉన్నప్పుడు చల్లగానే దించాలి, ఆయిల్‌తో కలవని నీళ్ళు రాత్రికి అడుక్కి దిగి ఉంటాయి. ఇంకో జాగ్రత్త, ముందు పైన నింపే బోల్ట్ ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింద బోల్ట్ విప్పాలి. పైది తుప్పు పట్టి బిగుసుకుపోయిందనుకోండి, ఆయిల్ మొత్తం దించేసి మళ్ళీ పోయడానికి దారి లేక బండి అక్కడే ఉండిపోతుంది.

డ్రెయిన్ బోల్ట్‌ని మరల మీద మెల్లగా వదులు చేస్తుంటే ముందు నాలుగు చుక్కలు తేటగా, ఉత్త నీళ్ళే కారాయి. వాటి వెనకే పాలు కలిపిన కాఫీ రంగులో ఆయిల్. ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. మీకు అనుమానంగా ఉంటే వేడి ఇనుప రేకు మీద ఒక్క చుక్క వేయండి, మొహం దూరంగా పెట్టుకోండి, నీళ్ళుంటే చిటపటమంటుంది.

బోల్ట్ చివర మాగ్నెట్‌కి పట్టిన మడ్డిని వేళ్ళ మధ్య రుద్ది చూశాను. బూడిద రంగులో మెత్తగా ఉంది, ఏదీ గుచ్చుకోలేదు. ఈ మెత్తటి పేస్ట్ ఏ బండికైనా ఉంటుంది, భయపడక్కర్లేదు. రేకులు, ముక్కలు వేలికి తగిలితేనే పళ్ళో బేరింగో చిట్లినట్టు. మాగ్నెట్ మీది మడ్డి మెత్తగా ఉంది కాబట్టి క్రౌన్ పళ్ళు బాగానే ఉండొచ్చని అప్పుడే ధైర్యం వచ్చింది.

నీళ్ళు ఎలా వెళ్ళాయంటే, హౌసింగ్ పైన గాలి వచ్చిపోయేందుకు చిన్న టోపీలాంటి బ్రీదర్ ఉంటుంది, చాలామంది దాని వైపే చూడరు. నడిచి నడిచి హౌసింగ్ వేడెక్కి ఉంటుంది, అలాగే నీళ్ళలోకి దిగితే ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, బయట నుంచి లాక్కోవాలి. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆ లాగుడంతా సీళ్ళ మీద పడి, వాటి అంచుల్లోంచి నీళ్ళు వెళ్తాయి. బ్రీదర్ బాగానే ఉన్నా అది నీళ్ళలో మునిగితే అందులోంచే లాగేస్తుంది. బావ బండికి మట్టి గట్టిపడి టోపీ అసలు తిరగడం లేదు.

క్రౌన్, పినియన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ తిరుగుతాయి, అందుకే అక్కడ జీఎల్-5 గేర్ ఆయిల్ వాడమంటారు, ఆ గంధకం వాసన కూడా అందులో కలిపే మందులదే. నీళ్ళు కలిస్తే పళ్ళ మధ్య ఆయిల్ పొర నిలవదు. ఇంకా నష్టం ఏంటంటే బేరింగ్ రోలర్ల మీద తుప్పు చుక్కలు పడతాయి, అవి పడ్డాక ఎంత మంచి ఆయిల్ పోసినా పోవు.

బావకీ అదే అయింది. కొత్త ఆయిల్ పోసి కొంచెం తిప్పి, దాన్ని కూడా దించేసి, మళ్ళీ 80డబ్ల్యూ-90 (ఇది ఆయిల్ చిక్కదనం నంబరు) పోస్తే ఊళ బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. విప్పి చూస్తే పినియన్ బేరింగ్ రోలర్ల మీద చుక్కలు, క్రౌన్ పళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. బేరింగులు, పినియన్ సీల్, దాంతో పాటు నలిగే స్లీవ్ (బిగించేటప్పుడు కొద్దిగా నలిగి బేరింగ్ బిగింపుని సరిచేసే గొట్టం) కూడా కొత్తదే వేయించాం. పాత స్లీవ్ మళ్ళీ వేస్తే బేరింగ్ బిగింపు సరిగ్గా రాదు, ఇక్కడ మాత్రం డబ్బులు మిగుల్చుకోవాలని చూడకండి. సెట్టు మొత్తం మార్చాల్సిన అవసరం రాలేదు.

కిరోసిన్ పోసి కడుగుతామంటే వద్దనండి, మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. "140 పోసేద్దాం, సౌండ్ తగ్గుతుంది" అనే వాళ్ళుంటారు. చిక్కటి ఆయిల్‌కి సౌండ్ కొంత అణగొచ్చు, లోపల బేరింగ్ అరుగుతూనే ఉంటుంది, మీకు వినిపించదు అంతే. ఆ సలహా వింటే నాకు నిజంగా కోపం వస్తుంది, లోడు మీద హైవేలో బేరింగ్ పట్టేస్తే బండిలో ఉన్న మనిషి సంగతేంటి?

అలాగే వెనక డ్రమ్ములు కూడా ఊడదీయించండి. యాక్సిల్ సీల్ కారితే ఆయిల్ బ్రేక్ షూల మీదకి వస్తుంది, సౌండ్ కన్నా అది పెద్ద ప్రమాదం.

బావ బండికి ఇప్పుడు బ్రీదర్ టోపీ తీసేసి, దాని బదులు ఒక రబ్బరు పైపు తగిలించి, క్లిప్‌తో ఛాసిస్ మీదుగా బాడీ కింద పైదాకా ఎక్కించాం, చివర నోరు కిందికి వంచి. మళ్ళీ నీళ్ళలో దిగిన మర్నాడు నింపే బోల్ట్ విప్పి వేలు ముంచి రంగు చూసుకుంటున్నాడు. ఆ బోల్ట్‌కి ఏ సైజు పానా పడుతుందో ముందే చూసుకుని బండిలో ఒకటి పడేసుకోండి.