అమ్రాబాద్ అడవిలో కొండగొర్రె కోసం

నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి పోతున్నానంటే అందరూ అడిగేది ఒక్కటే: పులి కనబడుతుందా అని. నేను పోయింది కొండగొర్రె కోసం. పేరులో గొర్రె ఉన్నా, ఇది చిన్న జింకలాంటి జంతువు. మగదానికి నాలుగు కొమ్ములు. నుదుటి మీద రెండు చిన్నవి, వాటి వెనక రెండు పెద్దవి. ప్రపంచం మొత్తంలో నాలుగు కొమ్ములున్న అడవి జంతువు ఇదొక్కటే. మన దేశం, నేపాల్ తప్ప ఇంకెక్కడా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు, ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లోనే ఉంది. అంతటి జీవం మన పాలమూరు అడవిలోనే ఉంటే, దాని పేరు అడిగేవాళ్లే లేకపోవడం నాకు బాధ.

ముందు కాలం చూసుకున్నా. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. తర్వాత కొన్ని నెలలు గడ్డి ఏపుగా ఉంటుంది, మేకంత జంతువు అందులో దాక్కుంటే ఎదురుగా ఉన్నా కనబడదు. ఆకు రాలి, వాగులెండే మార్చి, ఏప్రిల్ నెలలే మంచివి. కొండగొర్రె తరచూ నీళ్లు తాగాలి. కుంటలు ఎండినాక అటవీశాఖవాళ్లు జంతువుల కోసం నింపే సాసర్ పిట్లకు (లోతు లేని నీటి తొట్లకు) రాక తప్పదు.

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డును అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. అందుకే ముందు రోజే చేరుకుని మన్ననూర్‌లో అటవీశాఖ కాటేజీలో ఉన్నా. గది, సఫారీ రెండూ ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకున్నా.

పొద్దున్నే ఫర్హాబాద్ గేటు నుంచి బయలుదేరాం. గైడ్ చెంచు యువకుడు. ఎక్కంగనే చెప్పిన: "అన్నా, వ్యూపాయింట్ కాడ ఎక్కువసేపు వద్దు. నీళ్లున్న కాడ ఆపుదాం." ఆయన మొహం వెలిగిపోయింది. కొంత దూరం పోయాక బండి ఆపించి బాట పక్కకు చూపించాడు. ఒకే చోట కుప్పగా పెంటికలు, పాతవాటి మీద కొత్తవి. "కొండగొర్రెవే సార్. మళ్ల మళ్ల ఈడికే వస్తది." నాకు ఆ పూట అంతా అక్కడే గడిచినా చాలనిపించింది. ఇంజన్ ఆపి కూర్చున్నాం. దుప్పుల మంద ఒకటి దాటిపోయింది, కొండముచ్చులు కొమ్మలు ఊపుతూ పోయాయి. దుప్పులైతే గుంపుగా వస్తాయి, కొండగొర్రె ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది. కాబట్టి గుంపులను వదిలేసి పొదల అంచులే చూస్తూ ఉన్నా.

వచ్చింది ఆడది. కొమ్ముల్లేవు. ఒంటిమీద చుక్కల్లేని గోధుమ రంగు, ముందుకాళ్ల మీద నల్లని గీత. ఆ గీత చూసే గుర్తుపట్టాలని గైడ్ చెవిలో చెప్పాడు. మమ్మల్ని చూసి కదలకుండా నిలబడి, తల దించుకుని ఎగురుకుంటూ పొదల్లోకి దూరింది. ఇంతసేపు వేచి ఉన్నందుకు ఇంతకన్నా ఏం కావాలి!

అదే అడవిలో మూషిక జింకలూ (మౌస్ డీర్ అనే చాలా చిన్న జంతువులు) ఉన్నాయి. హైదరాబాద్ జూ పార్కులో పెంచినవాటిని 2017 నుంచి ఇక్కడ వదిలారు. అవి ఎక్కువగా రాత్రిపూట తిరిగేవి, సఫారీలో కనబడతాయని ఆశ పెట్టుకోవద్దు. పిల్లలతో పోయేవాళ్లు కృష్ణజింకలు చూడాలంటే నారాయణపేట జిల్లాలోని మక్తల్, మాగనూర్, కృష్ణ మండలాల పొలాల వైపు పోవాలి, గుంపులుగా బయటే మేస్తాయి. పంట నష్టంతో అక్కడి రైతులు విసిగి ఉన్నారు, అడగకుండా చేలల్లో అడుగు పెట్టకండి.